ముందు హాలు కొలవండి, తర్వాత విమానం ఎంచుకోండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబుల ఇన్‌ఛార్జి ఉపాధ్యాయులకు,



మీ ల్యాబుల్లో పిల్లలు గీత వెంట నడిచే రోబో కారు చేశాక, చీకటి పడితే వెలిగే లైటు కట్టాక, ఇక అడిగేది దాదాపు ప్రతిచోటా ఒకటే: "సార్, రిమోట్ విమానం చేద్దాం." ఆ మాట కాదనకండి. కాకపోతే ఏ విమానం చేయించాలన్నది తేల్చుకునే ముందు ఒక్క పని చేయండి. కేటలాగు తెరవక ముందే టేపు పట్టుకుని మీ బడి హాలు కొలవండి. హాలు ఎంతుందో తెలిస్తే విమానం ఎంత బరువుండాలో తెలుస్తుంది. బరువు తేలితే మోటారు, బ్యాటరీ, రిసీవర్ వాటంతట అవే తేలతాయి. ఇప్పుడు చాలాచోట్ల ఈ వరస తిరగబడింది. ముందు మోటారు కొంటున్నారు, తర్వాత దానికి రెక్కలు తగిలిస్తున్నారు, చివరికి ఎక్కడ ఎగరేయాలా అని వెతుక్కుంటున్నారు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. నాలుగు గోడల మధ్య ఎగిరే చిన్న విమానాలు చేయడం నాకు చాలాకాలంగా ఉన్న ఇష్టం. ఈ సంగతి మీలో తెలిసిన ఒకరిద్దరికి ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా అందరికీ బహిరంగంగా రాయడానికి కారణముంది. నీతి ఆయోగ్ 2016లో ఈ ల్యాబుల పథకం మొదలుపెట్టింది. అలాంటి ల్యాబులు దేశంలో పదివేల దాకా వచ్చాయి. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. అన్నిచోట్లా ఏవో పరికరాలు కొంటారు. అందులో ఎగిరేవి కూడా ఉంటాయి. అవి బీరువాలో పడి ఉంటాయా, పిల్లల చేతుల్లో ఉంటాయా అన్నది కొనేటప్పుడే తేలిపోతుంది.

ఒక జిల్లా కేంద్రంలో కళ్లారా చూశాను. కిట్ అమ్మినాయన "హాల్లో కూడా ఎగురుతుంది" అని చెప్పి ఇచ్చి వెళ్లాడట. బడి వార్షికోత్సవం జరిగే హాల్లోనే, పిల్లలందరినీ గోడల వెంట నిలబెట్టి చేతితో వదిలారు. రెండు సెకన్లలో అది స్టేజీ వెనక గోడకు కొట్టుకుని ముక్కు నుజ్జయింది. ఆ పిల్లల తప్పేం లేదు, మాస్టారి తప్పు అంతకన్నా లేదు. ఆ విమానం ఆ హాల్లో ఎగరడమన్నది లెక్క ప్రకారమే కుదరదు.

ఆ లెక్క పదో తరగతి పిల్లలకు అందనిదేమీ కాదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇంజనీరింగ్ కాలేజీల వర్క్‌షాపుల నుంచి బడులకు దిగుతున్న కిట్ ఒకటుంది. 2212 రకం బ్రష్‌లెస్ మోటారు, 30 యాంపియర్ల స్పీడ్ కంట్రోలర్, 9 గ్రాముల సర్వోలు రెండో మూడో, మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లిపో బ్యాటరీ, బ్యానర్లకు వాడే సన్‌ప్యాక్ షీటుతో కోసిన రెక్కలు. అన్నీ కలిపితే 800 గ్రాముల చుట్టూ ఉంటుంది. బయట మైదానంలో అది మంచి విమానమే. దాని రెక్క వైశాల్యం 30 చదరపు డెసిమీటర్లు అనుకుందాం. అంటే పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గళ్లు 30. ఒక్కో గడి దాదాపు 27 గ్రాములు మోయాలి. అంత బరువు గాల్లో నిలబడాలంటే సెకనుకు ఆరున్నర మీటర్ల వేగమన్నా కావాలి. అంతకు తగ్గితే రెక్క పట్టు వదిలేస్తుంది. కాస్త వెసులుబాటు కోసం 8 మీటర్లతో నడుపుతాం. ఆ వేగంతో 30 డిగ్రీలు వాలి తిరిగితే మలుపు వ్యాసార్ధం 11 మీటర్లు, అంటే వలయం అడ్డంగా 22 మీటర్లు. బాస్కెట్‌బాల్ కోర్టు వెడల్పే 15 మీటర్లు. ఇక బడి హాలు సంగతి చెప్పేదేముంది!

ఇప్పుడు ఇంకో విమానం చూడండి. రెక్క 60 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు. తొమ్మిది గళ్లు. మొత్తం బరువు 30 గ్రాములు. ఒక్కో గడి మీద మూడు గ్రాముల పైచిలుకు. సెకనుకు 3 మీటర్లతో హాయిగా ఎగురుతుంది. అంటే చురుగ్గా నడిచే మనిషికి రెట్టింపు వేగం, అంతే. అదే 30 డిగ్రీల వాలుతో మలుపు వ్యాసార్ధం 1.6 మీటర్లు. కొత్తగా నేర్చుకునే పిల్లలు విమానాన్ని అంత వాలనివ్వరు, 20 డిగ్రీలే అనుకుంటే రెండున్నర మీటర్లు. అయినా వలయం 5 మీటర్లలో ముగిసిపోతుంది.

ఇందులో సూత్రం ఒకటే. గాల్లో నిలవడానికి కావలసిన వేగం వర్గం, రెక్క గడి మీద పడే బరువుకు అనులోమానుపాతంలో ఉంటుంది. మలుపు వ్యాసార్ధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ రెండూ కలిపితే మలుపు వ్యాసార్ధం నేరుగా గడి మీద బరువుకే అనులోమానుపాతం. గడి మీద బరువు సగం చేస్తే మలుపుకు కావలసిన చోటు సగమవుతుంది. నా అనుభవంలో లోపల ఎగిరే విమానం గురించి పిల్లలకు చెప్పాల్సిన సిద్ధాంతం ఇంతకుమించి లేదు. బోర్డు మీద రాసి, వాళ్ల చేతే లెక్క కట్టించండి. హాలు వెడల్పులో సగం కన్నా వలయం పెద్దది కాకూడదని నియమం పెట్టుకోండి. 10 మీటర్ల హాలయితే 5 మీటర్ల వలయం, అంటే గడికి మూడు, మూడున్నర గ్రాములు. హాలు ఇంకా చిన్నదైతే బరువు ఇంకా తగ్గాలి, లేదా రెక్క పెరగాలి.

బరువు తగ్గితే భయమూ తగ్గుతుంది. 800 గ్రాముల విమానం 8 మీటర్ల వేగంతో తగిలితే దాని గతిశక్తి 25 జౌళ్ల పైన. 30 గ్రాములది 3 మీటర్ల వేగంతో తగిలితే జౌలులో ఏడో వంతు. దాదాపు 190 రెట్ల తేడా. మొదటిది పిల్లవాడి కంటికి తగిలితే ఏమవుతుందో ఊహించడానికే ఇష్టం లేదు. రెండోది నుదుటికి తగిలి కింద పడితే పిల్లలు నవ్వుకుంటారు. అయినా ప్రొపెల్లర్ తిరుగుతున్నంతసేపూ కళ్లద్దాలు పెట్టించండి, జుట్టు ముడివేయించండి. ఈ రెండింట్లో రాజీ పడకండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం కూడా 250 గ్రాముల వరకు నానో తరగతే, నడిపేవారికి రిమోట్ పైలట్ లైసెన్సు అక్కర్లేదు. మనం చెప్పుకునేది అందులో ఎనిమిదో వంతు బరువు.

బడికి హాలు లేదంటారా? మీ ఊళ్లో షటిల్ కోర్టు ఉండే ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో చిన్న పట్టణాల్లో కూడా ఇండోర్ బ్యాడ్మింటన్ హాళ్లు వెలిశాయి. తేలిక విమానానికి వాటిని మించిన చోటు లేదు. ఒక కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. పక్కపక్కన రెండు కోర్టులున్న హాలయితే ధారాళంగా సరిపోతుంది. పైగా షటిల్ ఆడేవాళ్లకు గాలి గిట్టదు. కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి ఆడతారు. మనకు కావలసిందీ అదే. షటిల్ కాక్ అయిదు గ్రాముల చుట్టూ ఉంటుంది, మన విమానం ఆరు కాక్‌ల బరువు. కాక్‌ను పక్కకు నెట్టే గాలి విమానాన్నీ నెడుతుంది. సెకనుకు ఒక మీటరు గాలి మనకు ఒంటికి తగిలీ తగలనట్టుంటుంది, కానీ విమానం వేగంలో అది మూడో వంతు. అందుకే ఏసీ గాలి దిగే చోటు, తలుపు సందు, ఆపాక కూడా తిరుగుతూ ఉండే సీలింగ్ ఫ్యాను ఇవన్నీ ముందే చూసుకోవాలి. పొద్దున ఆరు గంటలకు ఆటగాళ్లు నిండిపోతారు, మధ్యాహ్నం ఆ హాళ్లు ఖాళీగానే ఉంటాయి. అడిగి చూడండి. ఫంక్షన్ హాళ్లు కూడా అంతే. ఆషాఢంలోనూ పుష్యంలోనూ పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి తాళాలు వేసి ఉంటాయి. బడి పిల్లల కోసం అంటే ఒక పూట తెరిచి ఇవ్వడానికి యజమానులు సాధారణంగా కాదనరు. వేలాడే షాండ్లియర్లు లేని హాలు చూసుకోండి.

ఇక తయారీ. ముందుగా కొనాల్సింది బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ త్రాసు, గ్రాములో వందో వంతు చూపించేది. మిగతా పరికరాల ముందు దాని ఖరీదు లెక్కలోకి రాదు. ప్రతి ముక్కనీ అతికించక ముందు తూచి, నోటుబుక్కులో రాయించండి. 30 గ్రాములు ఎలా వస్తుందో చెబుతాను: రెక్కలు, తోక కలిపి 8 గ్రాములు. నడుమ వెదురు కాడ 3. ప్రొపెల్లర్లతో సహా రెండు చిన్న కోర్‌లెస్ మోటార్లు 7. ఒక సెల్లు లిపో బ్యాటరీ 5. రిసీవర్, తీగలు 4. గమ్, చక్రాలు, టేపు 3. ఇందులో ఏది పెరిగినా ఇంకోటి తగ్గాలి. ఈ పద్దు గోడమీద అంటించి ఉంచితే పిల్లలే ఒకరినొకరు అడుగుతారు, "నీ తోక ఎందుకు గ్రాము పెరిగింది?" అని.

ల్యాబులో ఉన్న వస్తువులే ఇక్కడ మనల్ని పక్కదారి పట్టిస్తాయి. ఆర్డుయినో ఊనో బోర్డు చేతికి అందుబాటులో ఉంటుంది, దాంతోనే నడిపిద్దామనిపిస్తుంది. ఆ బోర్డు ఒక్కటే 25 గ్రాములు. త్రీడీ ప్రింటర్ ఉంది కదా అని మోటారు పట్టుకునే దిమ్మె, చక్రాల కాళ్లు, ఒక్కోసారి విమానం మొత్తం ప్రింట్ చేయాలనిపిస్తుంది. ప్రింటర్‌లో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ నీటికన్నా సాంద్రమైనది, ప్యాకింగ్ థర్మోకోల్ కన్నా దాదాపు 60 రెట్లు. ప్రింటర్‌ను రెక్క వంపు అచ్చులు చేయడానికి వాడుకోండి, అది దానికి తగిన పని. విమానం మీదికి మాత్రం ఎక్కనివ్వకండి.

రెక్కకు ఏది వాడాలి? విదేశాల్లో ఈ పని చేసేవాళ్లు డెప్రాన్ అనే నురగ షీటు, బాల్సా చెక్క వాడతారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. దారిలో విరక్కుండా వస్తే మంచిదే. కానీ వాటి కోసం ఆగనక్కర్లేదు. టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే షాపు వెనక పారేసే ప్యాకింగ్ థర్మోకోల్ దిమ్మెలు తెచ్చుకోండి. అలంకరణ థర్మోకోల్ మీద 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది కాబట్టి కొత్త షీట్లు కొనే పని పెట్టుకోకుండా ఈ పారేసే దిమ్మెలే వాడటం అన్నివిధాలా మేలు. వెదురు బద్దను విల్లులా వంచి, కొసల మధ్య నైక్రోమ్ తీగ లాగి కట్టి, ల్యాబులోని పవర్ సప్లై నుంచి కొద్దిగా కరెంటు ఇస్తే తీగ వేడెక్కి థర్మోకోల్‌ను సన్నగా కోస్తుంది. తీగ ఎర్రబడకూడదు, ఎర్రబడితే కోత గరుకుగా వస్తుంది. పొగ పీల్చకూడదు, కాబట్టి ఈ ఒక్క పని మాత్రం వరండాలో చేయించండి. దిమ్మెకు రెండు పక్కలా ఒకేలా వంపు ఉన్న అట్ట అచ్చులు బిగించి వాటి వెంట తీగ నడిపిస్తే మూడు మిల్లీమీటర్ల మందంతో, వంపు తిరిగిన రెక్క షీటు నేరుగా దిగివస్తుంది. ఆ వంపు ముఖ్యం. ఇంత చిన్న రెక్కకు, ఇంత తక్కువ వేగంలో, పెద్ద విమానాల్లాంటి మందపాటి రెక్క పనికిరాదు. పల్చగా, కాస్త వంగి ఉన్న షీటే ఎక్కువ లిఫ్ట్ ఇస్తుంది. చదునైన షీటు కూడా ఎగురుతుంది, కాకపోతే ఇంకాస్త వేగం అడుగుతుంది.

హైదరాబాద్‌లోనో చుట్టుపక్కలో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. ధూల్‌పేటలో గాలిపటాలు కట్టేవాళ్ల చేతిలో వెదురును ఎంత సన్నగా చీల్చవచ్చో, కాగితాన్ని ముడత పడకుండా ఎలా పరచవచ్చో చూడండి. సంక్రాంతి ముందు ఒకరిని మీ ల్యాబుకు పిలిచి, ఒక పూట పిల్లలకు చూపించమనండి. సన్న వెదురు చట్రం, దాని మీద గాలిపటం కాగితం కలిపితే మంచి రెక్క తయారవుతుంది. థర్మోకోల్ రెక్క గోడకు తగిలితే విరుగుతుంది, వెదురు చట్రం వంగి మళ్లీ నిటారవుతుంది. చిరిగిన కాగితం పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. ఆ పని చేసేవాళ్లకు మన ల్యాబుల్లో గౌరవవేతనం ఇచ్చి కూర్చోబెట్టాలని నా కోరిక.

గమ్ గురించి రెండు మాటలు. ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ గమ్, రబ్బరు సొల్యూషన్ థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. చుక్క పడిన చోట గుంట పడుతుంది. ఫెవికాల్ వాడండి. అయితే పిల్లలు అతుకు గట్టిగా ఉండాలని సీసా నొక్కి ధారగా పోస్తారు. నీరు ఆవిరైనా దాని బరువులో సగం దాకా మిగిలిపోతుంది. అగరుబత్తి పుల్ల కొసతో తీసి, అతుకు మీద సన్నని గీతలా పూసి, పక్కకు పొంగింది వేలితో తుడిచేయడం నేర్పండి. నాకు బాగా గుర్తున్న దృశ్యం ఒకటుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి తోక అతికించి, త్రాసు మీద పెట్టి, అంకె చూసి, మాట్లాడకుండా తోక మళ్లీ ఊడదీసింది. గమ్ గీకేసి, పుల్లతో కొత్తగా పూసి తిరిగి తూచింది. అరగ్రాము తగ్గింది. ఎవరూ చేయమనలేదు. బరువు పద్దు గోడమీద ఉంది కాబట్టి చేసింది.

ఆకారం ఎంపికలో నా సలహా స్థిరమైనది: రెక్క పైన, బరువంతా కింద, రెక్క రెండు కొసలూ పైకి లేచి వెడల్పాటి 'వి' ఆకారంలో ఉండాలి. అలా ఉంటే ఒక పక్కకు వాలినా తనంతట తానే సర్దుకుంటుంది, పిల్లలకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. తోక పెద్దదిగా, దూరంగా పెట్టండి. యూట్యూబ్‌లో యుద్ధ విమానాల ఆకారాలు, గాల్లో పల్టీలు కొట్టే సన్నటి విమానాలు చూసి పిల్లలు అవే కావాలంటారు. హాల్లో పల్టీల విన్యాసానికి అంతర్జాతీయ స్థాయిలో ఎఫ్3పి అని ప్రత్యేక పోటీ తరగతే ఉంది, అందులో వాడే విమానాలు అద్భుతంగా ఉంటాయి. కానీ అవి స్థిరంగా ఉండటానికి చేసినవి కావు, ప్రతి క్షణం చేతితో నడిపించాల్సినవి. మొదటి విమానంగా అవి వద్దు. హీలియం బెలూన్‌కు మోటార్లు తగిలించే పద్ధతి కూడా ఉంది, చాలా నెమ్మదిగా కదులుతుంది, అందంగానూ ఉంటుంది. కానీ లీటరు హీలియం ఎత్తేది ఒక గ్రాము మాత్రమే, 30 గ్రాములకు 30 లీటర్లు కావాలి, సంచి బరువు అదనం. ఖర్చు తట్టుకోలేరు. బెలూన్లు అమ్మేవాళ్ల దగ్గర గ్యాస్ నింపించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. అందులో హైడ్రోజన్ ఉండవచ్చు, అది మండుతుంది.

నడిపే పద్ధతికి వస్తే, మొదటి దానికి సర్వోలు అక్కర్లేదు. రెక్కకు కుడి ఎడమల రెండు చిన్న మోటార్లు పెట్టి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిప్పితే విమానం మలుపు తిరుగుతుంది. రెండూ పెంచితే పైకెక్కుతుంది, తగ్గిస్తే దిగుతుంది. బజార్లో దొరికే చవక బొమ్మ విమానాలు ఇలాగే పనిచేస్తాయి. అలాంటిది పాడైతే అందులోని రిసీవర్ బోర్డు, మోటార్లు, రిమోట్ జాగ్రత్తగా తీసి వాడుకోవచ్చు. బొమ్మ డ్రోన్‌లోని బోర్డు మాత్రం దీనికి సరిపోదు, అది నాలుగు మోటార్లను సమం చేయడానికి రాసిన ప్రోగ్రాంతో వస్తుంది, విమానం వాలగానే దాన్ని తప్పుగా సరిదిద్దబోతుంది. పెద్ద తరగతుల పిల్లలు కోడింగ్ చేయగలిగితే చిన్న వైఫై మాడ్యూల్‌తో, ఫోన్ నుంచే నడిపే రిసీవర్ వాళ్లే కట్టవచ్చు. బరువు కొద్ది గ్రాములే. రెండు మోటార్ల విమానం నడపడం చేతికొచ్చాక, తొమ్మిదో తరగతిలో, రెండు గ్రాముల లోపు సర్వోలతో చుక్కాని, ఎలివేటర్ ఉన్న విమానానికి వెళ్లండి.

అయితే వీటన్నిటికన్నా ముందు రిమోట్ లేని విమానం ఒకటి చేయించమని గట్టిగా అడుగుతున్నాను. రబ్బరు బ్యాండుతో తిరిగే ప్రొపెల్లర్ విమానం. చాలామంది దీన్ని చిన్నపిల్లల ఆటగా తీసిపారేస్తారు. 1871 ఆగస్టులో పారిస్ టుయిలరీ ఉద్యానవనంలో ఆల్ఫాన్స్ పెనో అనే 21 ఏళ్ల యువకుడు ఎగరేసింది అలాంటిదే. బరువు 16 గ్రాములు. పదకొండు సెకన్లలో 40 మీటర్లు ఎగిరింది. లెక్క కట్టండి, సెకనుకు మూడున్నర మీటర్ల పైచిలుకు, మనం హాల్లో కోరుకుంటున్న వేగమే. రెక్క కొసలు పైకెత్తడం, వెనక తోకతో స్థిరత్వం తేవడం అతను అప్పుడే చేసి చూపించాడు. 1878లో అమెరికాలో ఒక తండ్రి తన ఇద్దరు కొడుకులకు పెనో పద్ధతిలో చేసిన బొమ్మ హెలికాప్టర్ తెచ్చి ఇచ్చాడు. వెదురు, బెండు, కాగితం, రబ్బరు బ్యాండు, అంతే దాని సామాను. ఆ కొడుకులు విల్బర్, ఆర్విల్ రైట్. ఈ రోజుకీ రబ్బరుతో కలిపి రెండు గ్రాములు కూడా తూగని విమానాలు చేసి, హాళ్లలో 20 నిమిషాలకు పైగా నిలబెట్టేవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. వాళ్ల పోటీలు రుమేనియాలో స్లానిక్ ఉప్పు గనిలో జరుగుతుంటాయి, ఎందుకంటే భూమి లోపల గాలి కదలదు. రబ్బరు విమానం సరిగా ఎగరకపోతే దానికి మోటారు పవర్ పెంచి కప్పిపుచ్చడం కుదరదు. బరువు, సమతూకం, రెక్క వంపు తప్పనిసరిగా సరిదిద్దుకోవాల్సిందే. అందుకే అది మొదటి పాఠం కావాలి.

సమతూకం చూసే పద్ధతి పిల్లలందరికీ నేర్పండి. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో దాదాపు మూడో వంతు దగ్గర రెండు వేళ్ల కొసలు పెట్టి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. అక్కడే గరిమనాభి. తర్వాత మోటారు ఆపి, ఛాతీ ఎత్తు నుంచి, కాస్త కిందికి చూపిస్తూ మెల్లగా నెట్టి వదలాలి. విసరకూడదు. ముక్కు పైకెత్తి ఆగి దబ్బున పడితే బ్యాటరీ అర సెంటీమీటరు ముందుకు జరపాలి. రాయిలా దిగిపోతే వెనక్కి. ఈ జరపడం, వదలడం, చూడటం ఓపికగా సాగాలి. ఇక్కడ తొందరపడి మోటారు వేసేస్తే ఆ రోజు ఎగరడం అయిపోయినట్టే. బ్యాటరీ కింద వెల్‌క్రో అంటిస్తే జరపడం తేలిక.

బ్యాటరీ జాగ్రత్త మీ బాధ్యతే, పిల్లలకు వదలకండి. సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3 వోల్టుల కిందికి దించకూడదు. 150 ఎంఏహెచ్ సెల్లును 150 మిల్లీయాంపియర్లతోనే ఛార్జ్ చేయండి, గంట పడుతుంది, ఆ గంట ఒక పెద్దవారు గదిలో ఉండాలి. ఉబ్బిన సెల్లును మళ్లీ వాడొద్దు.

రెడీమేడ్ విమానం కొనేస్తే తేలిక కదా అని అడిగేవారుంటారు. 15 గ్రాముల చుట్టూ తూగే, గదిలో ఎగిరే రెడీమేడ్ విమానాలు విదేశీ కంపెనీలు 2009 ప్రాంతం నుంచే అమ్ముతున్నాయి, చక్కగా ఎగురుతాయి కూడా. ఒకటి కొని పిల్లలకు చూపించినా తప్పులేదు. కానీ విరిగిన రోజున దాని ముక్క కోసం వారాలు ఎదురుచూడాలి. సొంతంగా చేసింది విరిగితే మర్నాటికి కొత్త రెక్క తయారు. బడి ల్యాబుకు ఏది నప్పుతుందో నాకు సందేహం లేదు.

మీకు నా విన్నపం ఇది. ఈ ఏడాది మీ మండలంలోనో జిల్లాలోనో బడులు కలిసి ఒక పోటీ పెట్టుకోండి. నిబంధనలు నాలుగే: విమానం పిల్లలే చేయాలి, 40 గ్రాములు దాటకూడదు, షటిల్ హాల్లో తలుపులు మూసి ఎగరేయాలి, ఎక్కువసేపు నెమ్మదిగా ఎగిరినదానికి బహుమతి. వేగానికి, విన్యాసాలకు మార్కులు వద్దు. ప్రధానోపాధ్యాయులకు, విద్యాశాఖ అధికారులకు చెప్పి ఒప్పించాల్సింది మీరే. పైన చెప్పిన 25 జౌళ్ల లెక్క వాళ్లకూ చూపించండి. వచ్చే ఇండెంటులో మోటారు కిట్ రాయబోయే ముందు ఆ వరసలో మొదట చిన్న త్రాసు, పొడవాటి కొలత టేపు, నైక్రోమ్ తీగ రాయండి. మిగతా సామాను సగం మీ ఊళ్లోనే దొరుకుతుంది.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్